ఇప్పచెట్టు నుంచి కల్వర్టు దాకా

మా ఊరి మంద పొద్దున అడవికి బయల్దేరితే దాని వెనక మొట్టమొదట నడిచేది మా అత్తమ్మ. పసుల కాపరి ముందు ఉండేవాడు, ఆఖరి దూడ వెనక ఆమె ఉండేది. నెత్తి మీద చుట్టబట్ట, దాని మీద ఖాళీ గంప, కొంగులో నాలుగు మోదుగాకులు. పేడ కనబడగానే వంగి, ఆకు ముక్క తుంచి నడిమధ్యలో గుచ్చి ముందుకు పోయేది. అప్పుడే ఎత్తుకునేది కాదు. ఎత్తుకోవడం తిరిగి వచ్చేటప్పుడు. ముందు గుర్తు పెట్టాలి, అంతే.

ఊళ్లో ఆడవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు ఉండేది. ఒకామె వేపపుల్ల నిలబెట్టేది. ఇంకొకామె వేలితో చుట్టూ సున్నా గీసేది. మా పక్కింటి వదినె బొటనవేలు నొక్కి వదిలేసేది, బ్యాంకులో వేలిముద్ర వేసినట్టు. గుర్తు పెట్టిన పేడను మరొకరు ముట్టరు. ఇంట్లో గొలుసు పోతే ఊరంతా అనుమానాలు పుట్టేవి గాని, ఆకు గుచ్చిన పేడ సాయంత్రం దాకా పెట్టినచోటే ఉండేది.

నేను ఆ ఊరికి కోడలిగా వచ్చింది గోదావరి అవతల నుంచి, బూర్గంపాడు దాటి ఇంకా పోవాలి, గనుల కాలనీ నుంచి. మా నాన్న బొగ్గుగనిలో పనిచేసేవాడు. మా ఇంట్లో వంట బొగ్గుపొయ్యి మీద. తెల్లారగానే ప్రతి క్వార్టరు ముందూ ఒక పొయ్యి బయట పెట్టి రాజేసేవాళ్లు. పొగంతా పోయి బొగ్గు ఎర్రబడ్డాక లోపలికి తెచ్చుకునేవాళ్లు. ఆ పొయ్యిల చుట్టూ ఆడవాళ్లు నిలబడి మాట్లాడుకునే మాటలే మా కాలనీకి పొద్దుటి పేపరు. కాబట్టి పేడ ఒక ఆస్తి అని, దానికి కూడా సరిహద్దులు ఉంటాయని నాకు పెళ్లయ్యేదాకా తెలియదు.

వచ్చిన కొత్తల్లో అత్తమ్మ వెంట నేనూ గంప పట్టుకుని పోయాను. నాకో గుర్తు కావాలి గదా. వేలితో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీశాను. లెక్కల్లో కూడిక గుర్తు అనుకుని గీశాను. మా రెండు కుటుంబాలూ ఆదివారం చర్చికి పోయేవే, అది ఊరందరికీ తెలుసు. పక్కింటి వదినె గంప దించి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏంది వదినె, పెండకు గూడ బాప్తిస్మం ఇచ్చినవా?"

దారి పొడుగునా నవ్వులు. మా అత్తమ్మ ఒక్కతే నవ్వలేదు. "గుర్తు గుర్తే. మీరు ముట్టకుంటే సాలు," అని ముందుకు నడిచింది.

ఆమెకు దారి అంటే అంత పట్టింపు. ఇంకో సంగతి కూడా ఆ రోజే గమనించాను. మంద చేరే ఖాళీ జాగా నుంచి ఇప్పచెట్టు దాకా ఆడవాళ్లందరూ పోటీపడి గుర్తులు పెట్టేవాళ్లు. ఇప్పచెట్టు రాగానే అందరూ ఆగిపోయేవాళ్లు. అక్కడి నుంచి వాగు మీది కల్వర్టు దాకా మా అత్తమ్మ ఒక్కతే పోయేది. ఎందుకని అడిగితే, "అది నీ అత్తది," అని చెప్పి గంపలెత్తుకున్నారు. అంటే మా ఇంటిది అన్నమాట, నేనలాగే అర్థం చేసుకున్నాను.

మా మామయ్య పోయేనాటికి మా ఆయన నడక నేర్చుకుంటున్నాడట. అత్తమ్మ పిడకలు అమ్మి ఆ కొడుకుని పెంచింది. ఇంటి వెనక గోడ నిండా పిడకలే. ఒక్కో పిడక మీద ఆమె అయిదు వేళ్లూ అచ్చుపడి ఉండేవి. ఎండినవాటిని గోపురంలా పేర్చి, వాన తగలకుండా తాటాకు కప్పేది. పర్ణశాల పోయే యాత్రికులు ఆగే టీ హోటలువాళ్లు వచ్చి తీసుకుపోయేవాళ్లు, పాలు పిడకల మీద కాగితేనే టీకి రుచి అని వాళ్ల నమ్మకం. హోమాల కోసం భద్రాచలం నుంచి ఒక దుకాణం ఆయన వచ్చేవాడు. ఆయనకు ముక్క విరగని పిడకలు కావాలి. అత్తమ్మ వాటిని గుడ్లు ఏరినట్టు ఏరి ఇచ్చేది.

మాకున్నది ఒక్క బర్రె. పెరట్లో చిన్న గుంట ఉండేది, దాన్ని దాలి అంటారు. అందులో పిడకలు పేర్చి నిప్పు పెడితే మంట లేవదు, లోలోపలే రాజుకుంటూ ఉంటుంది. పొద్దున పెట్టిన పాలకుండ సాయంత్రానికి ఎర్రగా కాగి, మీద రొట్టెలాగా మీగడ కట్టేది. ఆ మీగడకు పొగవాసన ఉండేది. నాకు మొదట్లో నచ్చేది కాదు. తర్వాత ఆ వాసన లేని పాలు నాకు పాలలాగా అనిపించలేదు. చలికాలం సాయంత్రాల్లో ఊరి పొగంతా పైకి లేవక ఇళ్ల మీదే దుప్పటిలాగా పరుచుకునేది. ఆ పొగలో మంద తిరిగి వచ్చే గంటల చప్పుడు ముందు వినబడేది, గొడ్లు తర్వాత కనబడేవి. ఇప్పటికీ ఎక్కడైనా పిడక పొగ తగిలితే నేను ఒక్క నిమిషం ఆగి నిలబడతాను.

అయితే ఆ పొగలోనే అత్తమ్మ దగ్గు కూడా ఉండేది. పొయ్యి ముందు కూర్చుంటే మొదలయ్యేది, మంచం మీద కూర్చున్నాక గాని ఆగేది కాదు.

పదో తరగతితో నా బడి ఆగింది. మిగిలిన చదువంతా భద్రాచలం లైబ్రరీలో చదువుకున్నానని చెప్పుకోవడం నాకిష్టం. మా ఆయన లారీ డ్రైవరు, వారంలో సగం రోజులు బొగ్గు లోడుతో రోడ్ల మీదే. సరుకుల కోసం నేను బస్సెక్కి భద్రాచలం పోయేదాన్ని. జల్దీ జల్దీ సరుకులు కొని, సంచి లైబ్రేరియన్ బల్ల కింద పెట్టి, బస్సు వేళయ్యేదాకా చదివేదాన్ని. ఆయనకు నా పద్ధతి తెలిసిపోయింది. "ఏ బీరువా దాకా వచ్చిందమ్మా?" అని అడిగేవాడు. నేను బీరువా తర్వాత బీరువాగా చదువుతున్నాను గనక. కథలు, ఆరోగ్యం, కోళ్ల పెంపకం, నక్షత్రాలు, న్యాయశాస్త్రం. అర్థం కానివి కూడా చదివాను. అర్థం కానిది మళ్లీ చదివితే కొంత దిగుతుంది, మూడోసారికి మనదవుతుంది. ఇది నేను కాలేజీ చదివినవాళ్లకు కూడా చెబుతుంటాను.

అలా వ్యవసాయం బీరువాలో గోబర్ గ్యాస్ గురించి ఒక పల్చటి పుస్తకం దొరికింది. నేలలో బోర్లించిన కుండ లాంటి తొట్టి బొమ్మ, అందులోకి ఒక గొట్టం, బయటికి ఒక గొట్టం. గాలి చొరని చోట పేడా నీళ్లూ కలిసి కుళ్లితే మండే వాయువు పుడుతుంది, మిగిలిన గుజ్జు పొలానికి ఎరువవుతుంది. పేడ పేడగా కాలిపోకుండా మంటకు మంట, ఎరువుకు ఎరువు. బస్సులో కూర్చున్నాక కూడా నా కళ్ల ముందు ఆ బొమ్మే. ఇంటికి పోగానే అత్తమ్మకు చెప్పాను.

"పెండల గాలి ఉన్నదని పుస్తకంల రాసిన్రా?" అంది ఆమె. "బర్రె పక్కపొంటి మంచమేసుకొని పండుకున్నోళ్లం, మాకు తెల్వదా?"

కొన్నాళ్లకు నిజంగానే ఆ మాట ఊళ్లోకి వచ్చింది. ఖమ్మం నుంచి వచ్చి భద్రాచలంలో ఉంటున్న ఒక ఇంజనీరు అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. ఊరికి కావలసిన మంట ఊళ్లోనే ఎంత దొరుకుతుంది, అది ఏ పొయ్యికి పోవాలి అని ప్లాన్ వేయడం ఆమె పని. బడి వరండాలో సభ పెట్టారు. ఆమె అడిగింది, "గోబర్ గ్యాస్ గురించి ఎవరికైనా కొంచెం తెలుసా అండీ?" నేను లేచాను. తొట్టి గురించి, గొట్టాల గురించి, పేడకు సమానంగా నీళ్లు కలపడం గురించి చెప్పాను. చలికాలంలో గ్యాసు తగ్గుతుందని కూడా చెప్పాను. ఆ అమ్మాయి పెన్ను మూత పెట్టేసి వింది.

"మా వదినెకు లైబ్రరీ మొత్తం నోటికొస్తది మేడం," అన్నాడు సర్పంచి. ఎగతాళే గాని అందులో గర్వం కూడా ఉంది, ఊరి గర్వం. నేను దాన్ని గర్వంగానే తీసుకున్నాను.

ఆ నెలంతా ఇంజనీరమ్మ వెంట ఇల్లిల్లూ తిరిగాను. నా జీవితంలో మంచి రోజులు ఏవంటే అవి తప్పకుండా చెబుతాను. ఎవరింట్లో ఎన్ని గొడ్లు, ఏ కొట్టం నుంచి ఎంత పేడ, ఏ పొయ్యి ఎంతసేపు మండుతుంది. పత్తి ఏరిన కట్టె, మిరప కట్టె చేలోనే ఎందుకు తగలబెడతారు. అడవికి కట్టెలకు పోతే ఫారెస్టు వాళ్లు ఎక్కడ ఆపుతారు. ఎండాకాలంలో కాపరి మందను రోజుల తరబడి అడవిలోనే ఉంచుతాడు, అప్పుడు కొట్టాల్లో పేడ ఉండదు. అదే రోజుల్లో పెళ్లిళ్లు, వంటలు ఎక్కువ. "చూశారా, పేడ ఉన్నప్పుడు పొయ్యి తక్కువ, పొయ్యి ఎక్కువైనప్పుడు పేడ తక్కువ," అనేది ఆ అమ్మాయి. బడి వరండా నేల మీద సుద్దముక్కతో ఊరు గీసింది. కొట్టాలకు సున్నాలు, పొయ్యిలకు ముక్కోణాలు. మొదట బడిలో మధ్యాహ్న భోజనం వంటకు గ్యాసు ఇవ్వాలి, తర్వాత కింది వీధి ఇళ్లకు. కింది వీధిలో ఆఖరి ఇల్లు మాది. మా ఇంటి ముక్కోణం నా చేత్తోనే గీశాను.

లెక్క వేస్తే కొట్టాల పేడ ఒక్కటే చాల్లేదు. అడవికి పోయే దారి చూపిస్తూ ఆమె అడిగింది. "ఈ దారిలో పడేది ఎవరిదండీ?"

"దారిల పడ్డది ఎవలది గాదు మేడం," అన్నాడు సర్పంచి. పక్కనున్న మగవాళ్లందరూ తలలూపారు. వాళ్లెవరూ ఏనాడూ గంప ఎత్తినవాళ్లు కాదు. ఇంజనీరమ్మ దారి పొడుగునా పచ్చ సుద్దతో గీసేసింది. నేను చూస్తూనే ఉన్నాను. ఇప్పచెట్టు అవతలి దారి మా ఇంటిదే అనుకున్నాను గదా, మా ఇంటికి గ్యాసు వస్తుంటే మా అత్తమ్మ కాదనేదేముంది అనిపించింది.

సాయంత్రం అన్నం పెడుతూ సంగతి చెప్పాను. ఆమె చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"దారి పెండ గూడనా?"

"అవ్ అత్తమ్మా. మనింటికే వస్తది గ్యాసు. పొగ ఉండదు."

"పొగ లేకుంటే దోమల్ని ఎవలు కొడ్తరు?"

"నీ దగ్గు పోతది."

"నా దగ్గు నాది. దారి గూడ నాదే."

"పిడకలు అమ్ముడు ఎందుకింక? నీ కొడుకు తెస్తుండు గద."

"ఆడు తెచ్చేది ఆని పెండ్లానికి. నేను తెచ్చేది నాకు," అని చెయ్యి కడిగేసుకుంది. కంచంలో సగం అన్నం అలాగే ఉంది. దాని గురించి ఆమె మళ్లీ మాట్లాడలేదు, నేనూ ఎత్తలేదు. తొట్టి కడితే, నీలం మంట చూస్తే తనే ఒప్పుకుంటుంది అనుకున్నాను.

తొట్టి కట్టారు. కింది వీధి పొడుగునా గొట్టం పాతారు. మొదట బడికి గ్యాసు వదిలిన రోజు ఊరంతా వంటపాక దగ్గరే ఉంది. వంట చేసే అక్క అగ్గిపుల్ల గీసి పెట్టి, వంగి చూసి, "అంటుకోలేదు మేడం," అంది. ఎండలో నీలం మంట కనబడలేదు. ఉందో లేదో చూద్దామని చెయ్యి పెట్టి, "అవ్వా," అని వెనక్కి దూకింది. అందరూ నవ్వారు. నేను నవ్వలేక కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. పుస్తకంలో చదివిన మంట నిజంగా మండుతుంటే ఎలా ఉంటుందో చదివేవాళ్లకు తెలుస్తుంది.

కొట్టాల పేడ తోపుడుబండిలో వచ్చి తొట్టిలో పడుతూ ఉంది. బడి పొయ్యి బాగానే మండింది. ఇక వీధికి వదలాలంటే దారి పేడ కావాలి. ఆ పనిని పంచాయతీ వాళ్లు కాపరికి అప్పజెప్పారు. ఆయన మందను వాగు దాటించి, వెనక్కి వచ్చి దారి పొడుగునా పడిందంతా బండికెత్తాడు. గుర్తు ఉన్నదీ లేనిదీ చూడలేదు.

ఆ రోజు అత్తమ్మ ఖాళీ గంపతో వచ్చింది. అరుగు మీద కూర్చుని చుట్టబట్ట విప్పి, మళ్లీ చుట్టి, మళ్లీ విప్పింది. పక్కింటి వదినె వచ్చి దారి పక్కన మోదుగాకులు పారేసి ఉన్నాయని, వేపపుల్లలు కూడా ఉన్నాయని చెప్పింది. కాపరి కూడా వచ్చాడు. "నాకు జెప్పిన పని నేన్జేసిన పెద్దమ్మా," అన్నాడు గుమ్మంలోనే నిలబడి. అత్తమ్మ ఆయన వంక చూడలేదు. "నీ తప్పేం లేదు, పో," అంది.

మర్నాడు తోపుడుబండి వీధిలోకి వస్తే ఏ కొట్టం ముందూ పేడ లేదు. ఒకామె పొలంలో వేసేసుకున్నానంది. ఒకామె బర్రెకు ఒంట్లో బాగాలేదంది. ఇంకొకామె ఇల్లు అలుక్కోవాలంది, ఎవరూ పండుగ లేని రోజుల్లో అంత ఇల్లు అలకరు. ఎవరూ ఎవరితోనూ చెప్పుకోలేదన్నారు. నేను నమ్మలేదు. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు, అది నిజం. దారిలో ఎదురైతే, "మీ గ్యాసెట్లున్నది వదినె?" అని అడిగి పోయేవాళ్లు. నిన్నటిదాకా అది ఊరి గ్యాసు.

తొట్టి ఆకలితో ఉంటే మంట ముందు పసుపుగా మారుతుంది, తర్వాత ఎగిరెగిరి ఆరిపోతుంది. బడిలో అన్నం సగం ఉడికి ఆగింది. వంట అక్క పాత రాళ్లు తెచ్చి మళ్లీ కట్టెల పొయ్యి పెట్టింది. ఇంజనీరమ్మకు ఫోన్ చేసింది నేనే.

ఆమె వచ్చిన రోజు వరండాలో మగవాళ్ల కంటే ఆడవాళ్లు ఎక్కువ కూర్చున్నారు. నేల మీద ఊరి బొమ్మ సగం చెరిగిపోయి ఇంకా ఉంది. "దారి సంగతి అడగాల్సిన వాళ్లను అడగలేదు. ఇప్పుడు మీరే చెప్పండి," అంది ఆ అమ్మాయి.

పక్కింటి వదినె లేచింది. "కొట్టంల పెండ ఇస్తం మేడం. బడిపిల్లలు మా పిల్లలే. దారిది మాత్రం అడగొద్దు."

"దారి మొత్తమా అండీ?"

"మొత్తం దేనికి? గుర్తు లేంది ఏరుకోండ్రి. గుర్తు పెట్టింది ముట్టొద్దు. ఇప్పచెట్టు కాడి నుంచి కల్వర్టు దాక అసలుకే పోవద్దు. అది ఈమెది." వదినె చెయ్యి చాపి మా అత్తమ్మను చూపించింది. అత్తమ్మ స్తంభానికి ఆనుకుని, అది తన సంగతి కానట్టు వాగు వైపు చూస్తూ కూర్చుంది.

సర్పంచి గొణిగాడు, "ఒక్కదాని కోసం వీధి మొత్తానికా..."

"గా ఒక్కదాని పెండతోనే నీ వీధి మొత్తం వండుతదా?" అంది వెనక నుంచి ఒకామె. ఎవరో గట్టిగా నవ్వారు. సర్పంచి కూడా నవ్వాల్సి వచ్చింది.

ఇంజనీరమ్మ చున్నీ కొసతో పచ్చగీత తుడిచింది. మళ్లీ లెక్క వేసింది. బడికి చాలుతుంది. కింది వీధిలో మొదటి ఇళ్లకు రెండు పూటలా కాకపోయినా ఒక పూట వస్తుంది. గొట్టం చివరి ఇళ్లకు అందదు. ఆమె తలెత్తి నా వైపు చూసింది. "అంటే మీ ఇల్లు..."

"చివరిది మాదే మేడం, తెలుసు," అన్నాను. మా ముక్కోణాన్ని నేనే చేత్తో తుడిచాను. నాకు ఏడుపు రాలేదు. చాలా కోపం వచ్చింది, ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను.

ఇంటికి నడుస్తుంటే అత్తమ్మ నా వెనక వస్తోంది.

"నీ గ్యాసు నేను గుంజుకున్న అనుకుంటున్నవ్ గద."

"అవ్. అనుకుంటున్న."

"అనుకో. అనుకునుడుకు పన్ను లేదు."

ఆ సాయంత్రం ఊదుగొట్టం ఆమే పట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. పట్టుమని నాలుగుసార్లు ఊదకముందే దగ్గు అందుకుంది. నేను ఊదుగొట్టం లాక్కుని ఊదాను. కోపం కోపంగానే ఉంది గాని అన్నం జల్దీనే ఉడికింది.

తర్వాత అందరికీ వచ్చినట్టే మాకూ సిలిండర్ వచ్చింది. దాన్ని చుట్టాలొచ్చినప్పుడు వాడేవాళ్లం, మామూలు రోజుల్లో కట్టెలే. ఖమ్మంలో ఖానాపురం హవేలిలో ఉండే మా అక్క ఒకసారి వచ్చి, నేను పొయ్యి ఊదుతుంటే చూసి, "ఊరికి గ్యాసు తెచ్చినవ్, నువ్వు మాత్రం పొగల కూసున్నవ్. గిట్ల ఏ పుస్తకంల రాసి ఉన్నదే?" అంది. దానికి నా దగ్గర జవాబు లేకపోలేదు. బడిలో రోజూ నీలం మంట మీద అన్నం ఉడుకుతోంది, పిల్లలు తింటున్నారు, ఆ తొట్టి గుజ్జు వేసిన మిరపతోటలు నల్లగా ఏపుగా పెరుగుతున్నాయి. గ్యాసే మంచిదని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. పైగా నాకో ఆశ ఉండేది. అత్తమ్మకు వయసు మీద పడుతోంది. ఏదో ఒక రోజు ఆ దారి నా చేతికి వస్తుంది. వచ్చిన రోజు తొట్టికి ఇచ్చేస్తాను, మా ఇంటి దాకా గ్యాసు వస్తుంది. ఇంజనీరమ్మతో కూడా ఆ మాట చెప్పి ఉంచాను. ఆమె సరేనంది.

ఆ రోజు రానే వచ్చింది. అత్తమ్మకు మోకాళ్లు వంగడం మానేశాయి. ఒక పొద్దున, "నన్ను ఇప్పచెట్టు దాక తోల్కపో," అంది. ఒక చేత్తో కర్ర, ఒక చెయ్యి నా భుజం మీద. నడుస్తున్నంతసేపూ నా మనసులో గొట్టాల లెక్కే.

చెట్టు కింద ఒకామె నిలబడి ఉంది. గుట్టల మీది ఊరి నుంచి వచ్చి మా ఊరి చివర గుడిసె వేసుకున్న ఆమె. మొగుడు జ్వరంతో పోయాడు, ఇద్దరు చిన్నపిల్లలు. ఆమెకు తెలుగు కొద్దిగా వచ్చు. చేతిలో కొత్త గంప. అత్తమ్మ ఆమెను తన ముందు నడవమని, కల్వర్టు దాకా ఆగుతూ ఆగుతూ పోయింది. పేడ కనబడినచోట కర్రతో చూపించింది. ఆమె దారి పక్క గడ్డిపరక పీకి, ముడివేసి, పేడ మీద పెట్టింది. అత్తమ్మ కాసేపు ఆ ముడి చూసి, "మంచిగున్నది. అందరికీ జెప్త," అంది.

తిరిగి వస్తుంటే నాకు ఆగలేదు. "అదేంది అత్తమ్మా, దారి మనింటిది గద? నీ తర్వాత నాకు రావాలె గద?"

ఆమె ఆగి నా మొహంలోకి చూసింది. "నీకెట్ల వస్తదే? నీ మొగుడు సల్లగ ఉన్నడు గద."

అత్తమ్మ కర్ర మీద బరువు మోపి నిలబడింది.

"నీ మామ పోయినంక నన్ను గూడ ఒక ముసలామె గిట్లనే తోల్కపోయి సూపిచ్చింది. ఆమెకు అంతకు ముందటామె. పిల్లల్ని ఒంటిచేత్తోని సాదేటోళ్లది గీ దారి. అత్త నుంచి కోడలికి వచ్చేది గాదు. నీకు రావాల్నని మొక్కుకుంటున్నవా, పిచ్చిదానా?"

మా ఆయన అప్పుడు బొగ్గు లోడుతో ఎక్కడో రోడ్డు మీద ఉన్నాడు. ఇంటికి చేరగానే ఫోన్ చేశాను.

"ఏంది?" అన్నాడు, వెనక లారీ ఇంజన్ రొద.

"ఏం లేదు. తిన్నవా?"

"గిదేం యాల తినేటందుకు? ఏమైంది?"

"ఏం లేదంటున్న గద. పైలంగ రా."

ఆ తర్వాత భద్రాచలం పోయినప్పుడు నేను ఇలాంటి హక్కుల గురించి వెతికాను. పచ్చిక మేపుకునే హక్కులు దొరికాయి, వంటచెరుకు హక్కులు దొరికాయి, తేనె, తునికాకు దొరికాయి. పేడ దారి దొరకలేదు. లైబ్రేరియన్ మారిపోయాడు, కొత్తాయన ఓపికగా ఇంకో రెండు పుస్తకాలు తీసిచ్చాడు. ఆ బీరువా ఇంకా పూర్తి కాలేదు.

అత్తమ్మ ఆ వానాకాలం చివర్లో పోయింది. ఆమె పోయాక, ఊరి ప్లాన్ మళ్లీ రాస్తున్నామని ఇంజనీరమ్మ ఫోన్ చేసింది. పత్తికట్టెను ముక్కలు చేసే మిషన్ వస్తుందట, తొట్టి కూడా పెద్దది చేయొచ్చట. నన్ను పలకరించి, అత్తమ్మ గురించి అడిగి, బాధపడి, నెమ్మదిగా అసలు మాటకు వచ్చింది.

"ఆ దారి ఆమె తర్వాత మీకే వస్తుందన్నారు కదండీ. ఈసారి లెక్కలో కలిపితే మీ ఇంటి దాకా గ్యాసు వస్తుంది."

"అది నాకు రాలేదు మేడం," అన్నాను. "రావద్దు కూడా."

"మరి ఎవరిదని రాయమంటారు?"

బయట మంద తిరిగి వస్తోంది. కింది వీధిలో పిల్లలిద్దరు తల్లి గంప వెనక నడుస్తూ కొట్టుకుంటున్నారు, ఆమె తన భాషలో వాళ్లను తిడుతోంది.

"ఇప్పచెట్టు దాకానే దారి గీయండి మేడం. అవతల ఏమీ లేదనుకొని లెక్క వేయండి. తక్కువైతే చెప్పండి, కోళ్లఫారం వాళ్లను కోళ్లపెంట అడిగి చూద్దాం," అన్నాను.

ఇంజనీరమ్మ సరే, అలాగే రాసుకుంటానంది. నేను ఫోన్ పెట్టేసి పొయ్యి రాజేయడానికి పోయాను.